ఇసుకనేల నిత్యకల్యాణి

నెల్లూరు జిల్లా సముద్రతీరమున పూలతోట పెంచుట సులభమైన పని కాదు. మైపాడు మొదలు తుమ్మలపెంట వరకు ఎచ్చట చూచినను ఇసుకనేలయే. ఇసుక నీటిని నిలుపుకొనదు. గాలి మోసికొనివచ్చు ఉప్పు లేతచిగుళ్లను మాడ్చివేయును. ఎండకాలమున తాగునీటికే కటకటయైనప్పుడు పూలమొక్కలకు నీరెక్కడిది? అట్టి నేలలో, ఎవ్వరును నాటకయే, గోడల పగుళ్లలోను, దిబ్బల అంచులలోను ఏడాది పొడుగునా పూయుచుండు మొక్క బిళ్ళగన్నేరు.

శీతలదేశముల ఉద్యానములలో కాంపియన్ అను ఎర్రని పూలమొక్కను గట్టిదని మెచ్చుకొందురు. అక్కడ గట్టిదనము అనగా మంచును ఓర్చుకొనుట. మన తీరమున గట్టిదనము అనగా ఎండను, ఉప్పుగాలిని ఓర్చుకొనుట. ఆ పరీక్షలో బిళ్ళగన్నేరుకు సాటివచ్చు పూలమొక్కలు అరుదు.

దీని జన్మస్థానము మడగాస్కర్ దీవి. లినేయస్ 1759లో దీనికి వింకా రోజియా అని పేరు పెట్టెను. నేటి శాస్త్రనామము కాథరాంథస్ రోజియస్. మొదటి పదమునకు గ్రీకు భాషలో నిర్మలపుష్పమని అర్థము. తమిళులు దీనిని నిత్యకల్యాణి యందురు; శ్మశానమల్లె అను అర్థము వచ్చు సుడుకాట్టుమల్లి అనియు పిలుతురు. ఒకే పువ్వుకు మంగళనామమును, అమంగళనామమును దక్కుట వింతయే.

దీనిని పెంచుటలో ముఖ్యసూత్రము ఒక్కటే: అతిగా ఉపచరింపరాదు. కాయలు పచ్చదనము తగ్గి పసుపు రంగుకు తిరుగగనే కోసి, కాగితములో ఎండబెట్టవలెను. ఆలస్యమైనచో అవి పగిలి విత్తులు నేలపాలగును. ఈ విత్తులు చీకటిలో బాగుగా మొలచును గనుక పలుచగా ఇసుక కప్పి, తేమ ఆరకుండ చూడవలెను. ఈశాన్య ఋతుపవనపు వానలు వెనుకబట్టిన పిమ్మట, పుష్య మాఘ మాసములలో నారు పోయుట మేలు. నాలుగైదు ఆకులు వేసిన మొక్కలను నిండు ఎండ తగులు చోట జానెడు ఎడముగ నాటి, మొదట కొద్దిగా పశువుల ఎరువు వేసిన చాలును. ఎరువు మితిమీరినచో ఆకు పెరిగి పువ్వు తగ్గును. కొనలు త్రుంచినచో కొమ్మలు గుబురుగా వచ్చును. దీనికి శత్రువు ఎండ కాదు, నిలువనీరు. కార్తికపు జడివానలకు వేరు కుళ్లకుండ మడిని కొంచెము ఎత్తుగా కట్టవలెను.

ఈ మొక్క కీర్తి తోటతో ముగియలేదు. మధుమేహమునకు దీని ఆకు మందని పలుదేశముల ప్రజలు నమ్మిరి. 1952లో జమైకా నుండి వచ్చిన ఆకులను కెనడాలో రాబర్ట్ నోబుల్ పరీక్షించెను. ఎలుకల రక్తములో చక్కెర తగ్గలేదు. తెల్లకణములు మాత్రము తగ్గిపోయెను. తెల్లకణములు హద్దు మీరి పెరుగు రక్తపు క్యాన్సరునకు ఇది పనికివచ్చునేమో యన్న ఆలోచన అక్కడ పుట్టినది. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి వేరుచేసిన విన్‌బ్లాస్టిన్ సంగతి 1958లో లోకమునకు తెలిసెను. దాని తోబుట్టువైన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో వాడుకకు అనుమతి పొందెను. పిల్లల రక్తపు క్యాన్సరు చికిత్సలో అది నేటికిని ముఖ్యమైన మందు. వందల కిలోల ఎండుటాకు నుండి లభించునది గ్రాముల లెక్కయే.

ఈ కథలోనే ఒక హెచ్చరికయు కలదు. తెల్లకణములను నశింపజేయు రసము ఆరోగ్యవంతునకు విషమే. మేకలు సైతము ఈ చేదు ఆకును ముట్టవు. చక్కెరవ్యాధికి మంచిదని పరగడుపున దీని ఆకు నమలుట ప్రమాదకరము. మందు వేరు, మొక్క వేరు. కొలత తెలిసిన వైద్యుని చేతిలోనే విషము ఔషధమగును. బడితోటలో దీనిని నాటు ఉపాధ్యాయులు ఈ మాటను మొదటనే పిల్లలకు చెప్పి, ఆకులు త్రుంచిన చేతులు కడుగుకొనుట అలవాటు చేయవలెను.

శ్మశానపు అంచున పూచునదని దీనిని పెరటిలోనికి రానీయనివారు ఇంకను కలరు. ఎందరో పసివారిని ఆ శ్మశానపు దారి నుండి మరలించిన మందు ఈ ఆకులోనిదే.