తాబేటి మేనిరంగు మారినప్పుడు

మంచిర్యాలలో మా పొరుగింటి యిల్లాలొకతె మొన్నటి వేసవిలో కంట తడిపెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆమె కుమారుడు పుట్టినరోజు కానుకగా పట్టుబట్టి తెప్పించుకొన్న చిన్న తాబేలు, తెచ్చిన నాడు చిలుకరెక్కవలె పచ్చగా నుండెడిది. ఏడాది తిరుగునప్పటికి అది గోధుమవన్నెకు దిగి, వీపుచిప్పపై అక్కడక్కడ తెల్లని పొరలు లేచినవి. బొగ్గుగనుల సీమ గదా, గాలిలోని నుసి పట్టి అట్లయినదని తలచి ఆమె దానిని కొబ్బరిపీచుతోను సబ్బుతోను తోమినది. మరునాడు తాబేలు మేత ముట్టలేదు. “అక్కా, చేజేతులా దీన్ని చంపుకున్ననేమో” అని ఆమె వాపోవుచుండగా నేను పోయి చూచితిని. పిమ్మట ఇరువురమును పశువైద్యుని యొద్దకు వెళ్లితిమి.

ఆయన తాబేటిని చేతనందుకొని మొదట వెల్లకిల త్రిప్పినాడు. మేమెంతసేపును వీపునే చూచితిమి గాని కడుపువైపు చూడనే లేదు. అక్కడ ఒక అంచున చిన్న గుంటపడి, మెత్తబడి, దుర్వాసన కొట్టుచున్నది. వీపుమీది పొరలు వట్టి కుబుసమేననియు, ఇది మాత్రము చిప్పకుళ్లు అనియు ఆయన చెప్పినాడు. ఆమె దేనికి భయపడినదో అది రోగము కాదు. రోగమున్న చోటు ఆమె కంటబడలేదు. ఇట్టి తాబేళ్లను పెంచు ఇతర గృహిణులకు కూడ ఉపకరించునని ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాను.

అంగళ్లలో అమ్ముచుండు ఈ జాతికి కన్నుల వెనుక ఎర్రని చార యుండును. దీని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతము. పిల్లగా నున్నప్పటి లేతపచ్చదనము వయసుతోపాటు తగ్గి, ఆకుపచ్చ గోధుమరంగులు కలిసిన వన్నె వచ్చును. ముదిరిన మగవాటిలో కొన్ని దాదాపు నల్లబడును. ఇది తల నెరయుట వంటిదే. పెరుగుచున్న తాబేటి చిప్పమీది పలకలు ఉల్లిపొరవలె పలుచగా ఊడి నీట తేలును; మెడయందును కాళ్లయందును చర్మము కూడ తెల్లని తునకలుగా రాలును. వానిని గోటితో లాగరాదు. అడుగున నున్న క్రొత్త పలక ఇంకను లేతదై యుండును. మా పొరుగామె పీచు సరిగా ఆ లేతపలకనే గీరినది.

ఆరినప్పుడు సున్నము పూసినట్లు కనబడి తడియగానే మాయమగు తెలుపు, బోరునీటి యుప్పుల మచ్చ. పచ్చని జిగురు నాచు. దానిని మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. సబ్బు కూడదు. మెరుపు కొరకు నూనెయో వార్నీషో పూయువారున్నారు, అది హాని.

వెంటనే వైద్యునికి చూపవలసిన రంగులు వేరు. కడుపు పలకల క్రింద గులాబివన్నె ప్రాకి, తాబేలు మందముగా పడియున్నచో నెత్తురు విషమించినదేమో యని అనుమానింపవలెను. చర్మముపై దూదివంటి తెలుపు బూజు కావచ్చును. నోటిలోపలి చర్మము వెలవెలబోయినను ఉపేక్షింపరాదు. రంగు ఎట్లున్నను చిప్పను మెల్లగా వ్రేలితో నొక్కి చూడుడు. మెత్తబడిన చిప్ప సున్నపుసత్తువ లోపమును తెలుపును. ఎండలోని కిరణముల వలన డి విటమిను ఏర్పడినగాని ఆ సత్తువ ఒంటబట్టదు. కిటికీ అద్దము ఆ కిరణములను చాలమట్టుకు ఆపివేయును గనుక అద్దము వెనుక ఎండ యెండ కాదు. అన్నము, బొరుగులు దానికి తగిన మేత కావు.

అట్లని తొట్టిని డాబామీద పెట్టి మరచిపోరాదు. మన గోదావరి యొడ్డున వేసవిలో ఎండ 45 డిగ్రీలకు పోవుట మీరెరుగుదురు. తాబేలు తన ఒంటివేడిని తాను తగ్గించుకొనలేదు. తొట్టిలోని కొద్దినీరు త్వరగా కాగిపోవును. ఉదయపుటెండ, ఎక్కి కూర్చుండుటకొక రాయి, ప్రక్కనే నీడ యుండవలెను.

పిల్లలున్న ఇంట మరియొక జాగ్రత్త. తాబేలు ఆరోగ్యముగా కనబడుచున్నను దాని ఒంటిమీద విరేచనములు కలిగించు సాల్మొనెల్లా క్రిములుండవచ్చును. ఈ కారణముననే అమెరికాలో 1975లో 4 అంగుళములకు లోపు చిప్పగల తాబేళ్ల అమ్మకమును నిషేధించిరి. ముట్టిన చేతులను సబ్బుతో కడుగవలెను. తొట్టిని గిన్నెలు తోము చోట కడుగరాదు.

మన దేశపు తాబేళ్ల సంగతి వేరు. వెనుకకాళ్లను కప్పు రెప్పలుగల మెత్తచిప్ప తాబేటిని గాని, వీపున చుక్కలుగల నక్షత్రపు తాబేటిని గాని ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. 2020 జూలైలో ఒడిశా బాలేశ్వరము జిల్లా సుజన్‌పూర్ గ్రామమున పసుపుముద్దవంటి మెత్తచిప్ప తాబేలొకటి దొరకినది. దాని పసుపు రోగము కాదు, పుట్టుకతో వచ్చిన వర్ణలోపము. ఆ యూరివారు దానిని అటవీశాఖ వారికప్పగించిరి.

కొన్న తాబేలు పెద్దదై రంగు తగ్గగానే, పుణ్యమని గోదావరిలో విడుచువారు కలరు. ఇది పొరపాటు. ఎర్రచెవి తాబేలు లోకమునందలి మిక్కిలి హానికరములైన వంద పరదేశి జీవజాతుల పట్టికకు ఎక్కినది. చొచ్చిన చోటనెల్ల స్థానికపు తాబేళ్ల మేతను, ఎండ కాచుకొను తావులను ఆక్రమించును. శివ్వారము మొసళ్ల అభయారణ్యమున్న మన నదిలోనికి దానిని తోలరాదు. ఇరువది ముప్పది యేండ్లు బ్రదుకు ప్రాణియని తెలిసియే కొనవలెను.

పొరుగామె తాబేలు బ్రదికినది. నెలదినములు మందు పూయించి, పూసిన పిదప కొంతసేపు పొడిగా నుంచి, ఆమె దానిని నిలుపుకొన్నది. రంగు మాత్రము మరల పచ్చబడలేదు. పిల్లవాడు రాలిన పలకలను పుస్తకమునందు దాచుకొనుచున్నాడు; తల్లి వానిని చక్కగా కడిగి ఆరబెట్టినగాని లోన పెట్టనీయదు.