ఆటపెట్టెలో పాతపాట ఏల వినబడును?

పైనుండి జారిపడు ఇటుకలను వరుసగా పేర్చెడి టెట్రిస్ ఆటను ఎరుగనివారు అరుదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన ఆ ఆట 1989లో గేమ్‌బాయ్ అను చేతిపెట్టెలోనికి వచ్చినపుడు, దానితోబాటు లోకప్రసిద్ధి చెందిన బాణీ నూతనసృష్టి కాదు. ఊరూర తిరిగి సరకులమ్ము వర్తకులను గూర్చి 1861లో నెక్రాసోవ్ రచించిన కావ్యము ఆధారముగా వెలసిన ‘కొరొబైనికి’ అను రష్యను జానపదగీతమే అది. ఆ ఆటలోనే వినబడు మరియొక బాణీ, జర్మను స్వరకర్త బాఖ్ కూర్చిన మూడవ ఫ్రెంచి సూట్‌లోని మినూయెట్ అను నృత్యసంగీతము.

పాతవానిని ఏల గైకొందురు?

చిరకాలము గడచిన కృతులపై ఎవరికిని ప్రచురణహక్కు మిగులదు; పైగా తరతరముల నాలుకలపై నలిగి నునుపుదేరిన బాణీ, ఒక్కమారు వినగనే మనసున నాటుకొనును.

చిన్నపెట్టె దానిని ఎట్లు పలికినది?

గేమ్‌బాయ్ ఏకకాలమున నాలుగు ధ్వనులను మాత్రమే పలుకగలదు. అందొకటి తాళమునకు పనికివచ్చు వట్టి ‘స్స్’ మను రొద. మిగిలిన మూడింటిలో ఒకటి ప్రధానస్వరమును, ఒకటి తోడుస్వరమును, ఒకటి మంద్రమును వహింపవచ్చును. కొలదిపాటి స్వరపంక్తులు జంటగా నడచెడి బాఖ్ మినూయెట్ వంటి రచన, పెద్ద వాద్యబృందమును కోరదు గనుక, ఆ ఇరుకులో సుఖముగా ఇమిడినది.