జీడీపీ పెరిగితే మనకు ఉద్యోగం వస్తుందా?

"దేశం ఎదుగుతోంది కదా, ఉద్యోగాలు వాటంతట అవే వస్తాయిలే" అనే మాట ఇంట్లోనూ బస్సులోనూ వింటూనే ఉంటాం. డిగ్రీ చేతికొచ్చే ముందు ఈ మాటని ఎంతవరకు నమ్మొచ్చో మనం తెలుసుకోవాలి. తెలుగుతోపాటు ఎకనామిక్స్ కూడా చదువుతున్నాను కాబట్టి, నాకు అర్థమైనంత చెబుతాను.

1962లో అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ ఓకన్ తన దేశపు లెక్కలు చూసి ఒక సంబంధం చెప్పాడు. నిరుద్యోగ రేటు ఒక శాతం తగ్గితే ఉత్పత్తి సుమారు మూడు శాతం ఎక్కువుంటుంది. ఒకటికి ఒకటి కాకుండా మూడెందుకు? గిరాకీ తగ్గితే కంపెనీ వెంటనే మనుషుల్ని తీసెయ్యదు, ముందు పనిగంటలు తగ్గిస్తుంది. పని పోయినవాళ్లలో కొందరు విసిగిపోయి వెతకడమే మానేస్తారు, వాళ్లు నిరుద్యోగుల లెక్కలోకి రారు. ఈ రెండు కారణాల వల్లే ఒక్కో దేశంలో కథ ఒక్కోలా ఉంటుంది.

మొదట పనిగంటల సంగతి. 2009 మాంద్యంలో జర్మనీ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయింది. స్పెయిన్‌లో పడింది 4 శాతం లోపే. అయినా జర్మనీలో నిరుద్యోగం పెద్దగా కదల్లేదు. అక్కడ చాలా కంపెనీలు పనిగంటలు తగ్గించాయి, పోయిన జీతంలో చాలా భాగం ప్రభుత్వ బీమా నిధి ఇచ్చింది. స్పెయిన్‌లో సంక్షోభానికి ముందు ఉద్యోగుల్లో దాదాపు మూడోవంతు మంది తాత్కాలిక ఒప్పందాల మీద ఉన్నారు. ఇళ్ల నిర్మాణం ఆగిపోగానే ముందు వాళ్లే వీధిన పడ్డారు. 2007లో 8 శాతమున్న నిరుద్యోగం 2013కి 26 శాతానికి చేరింది.

ఇక లెక్కలోకి రానివాళ్ల సంగతి. ఇది మనకు దగ్గర విషయం. డిగ్రీ అయ్యాక పని కోసం తిరిగితే మనం నిరుద్యోగులం. "ఇంటిపని చూసుకుంటున్నాను" అంటే ఏ లెక్కలోనూ లేం. నాన్న కొట్లో జీతం లేకుండా కూర్చుంటే మాత్రం పనిలో ఉన్నట్టే!

మన దేశంలో కార్మిక సర్వే ప్రకారం నిరుద్యోగం 2017-18లో 6 శాతం, 2023-24లో 3.2 శాతం. అదే కాలంలో పనిలోనో పని వేటలోనో ఉన్న ఆడవాళ్లు 23 శాతం నుంచి దాదాపు 42 శాతానికి పెరిగారు. సంతోషమే. కానీ పనిచేసే ఆడవాళ్లలో స్వయం ఉపాధి కింద లెక్కకొచ్చేవాళ్లు 52 శాతం నుంచి 67కి పెరిగారు. జీతం లేకుండా సొంత పొలంలో, కొట్లో సాయం చేసేవాళ్లు కూడా ఇందులోనే ఉన్నారు.

కాబట్టి ఈసారి పేపర్లో "నిరుద్యోగం తగ్గింది" అని చదివితే అక్కడితో ఆగకండి. ఎంతమంది ఆడవాళ్లు పనికి వస్తున్నారు, వాళ్లలో ఎంతమంది చేతికి నెలనెలా జీతం వస్తోంది అన్న రెండు అంకెలూ వెతకండి. మనం రేపు ఎక్కడుంటామో చెప్పేవి అవే.