మజిల్ కారుకు ఎంత స్టాల్ స్పీడు కావాలి?

అమెరికాలో ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్న 1970 నాటి షెవ్రొలే షెవెల్ కారు ఒకటి ఉందనుకోండి. 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. యజమాని ముచ్చటపడి పెద్ద క్యామ్‌షాఫ్ట్ వేయించాడు. న్యూట్రల్‌లో ఇంజిన్ గుడగుడమంటూ బాగానే తిరుగుతుంది. బ్రేకు తొక్కి లివర్‌ను ‘డి’లోకి లాగగానే 900 దగ్గరున్న ఆర్‌పీఎం ముల్లు 600కు జారుతుంది. కారు ఒకసారి వణికి ఆగిపోతుంది. ఎర్రలైటు పడిన ప్రతిచోటా ఇదే తంతు. పచ్చలైటు పడ్డాక యాక్సిలరేటర్ తొక్కినా బండి వెంటనే ఎత్తుకోదు. కార్బ్యురేటర్‌ను ఎంత సరిచేసినా ఈ జబ్బు పోదు. ఇంజిన్ మారింది, దానికీ గేర్‌బాక్స్‌కూ నడుమనున్న టార్క్ కన్వర్టర్ మాత్రం పాతదే. చిక్కంతా అక్కడుంది.

1964లో పాంటియాక్ జీటీవో రాకతో మధ్యరకం కారులో పెద్ద ఇంజిన్ పెట్టి అమ్మే ఒరవడి ఊపందుకుంది. వాటినే మజిల్ కార్లంటారు. వాటిని ఇష్టంగా బాగుచేయించుకుని నడిపేవారు తరచూ తడబడేది ఈ కన్వర్టర్ ఎంపికలోనే.

టార్క్ కన్వర్టర్ ఏం చేస్తుందో తెలియాలంటే కుండలో మజ్జిగ చిలకడం గుర్తుచేసుకోండి. కవ్వం మెల్లగా తిప్పితే కుండ కదలదు. వడిగా తిప్పితే మజ్జిగతో పాటు కుండా తిరగబోతుంది. అందుకే దాన్ని గట్టిగా పట్టుకుంటాం. కన్వర్టర్‌లోనూ ఇంతే. ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కల చక్రం నూనెను విసురుతుంది. ఆ నూనె ఎదురుగా ఉన్న టర్బైన్‌ను తోస్తుంది. టర్బైన్ గేర్‌బాక్స్‌ను తిప్పుతుంది. రెంటి మధ్య ఉన్న స్టేటర్ అనే చిన్న చక్రం, తిరిగొచ్చే నూనెను సరైన వాలుకు మళ్లిస్తుంది. దానివల్లే కారు కదిలే క్షణంలో ఇంజిన్ టార్క్ సుమారు రెండింతలై చక్రాలకు చేరుతుంది. మన దగ్గరి ఆటోమేటిక్ ఇన్నోవా క్రిస్టాలోనూ ఉన్నది ఈ సాధనమే. బ్రేకు మీద కాలు తీయగానే బండి దానంతటదే మెల్లగా కదలడం దీని పనే.

ఇక స్టాల్ స్పీడు. కుండను కదలకుండా పట్టుకుని కవ్వాన్ని ఎంత బలంగా తిప్పినా, ఒక వేగం దాటి తిప్పలేం. అలాగే టర్బైన్‌ను కదలనివ్వకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ ఏ ఆర్‌పీఎం దగ్గర నిలిచిపోతుందో అదే స్టాల్ స్పీడు. ఆ కాలపు సాధారణ కార్లలో ఇది సుమారు 1,600 నుంచి 2,000 వరకు ఉండేది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. డబ్బా మీద రాసిన అంకె కన్వర్టర్ ఒక్కదాని గుణం కాదు. వెనక నుంచి తోసే ఇంజిన్ టార్క్‌ను బట్టి అది మారుతుంది. స్టాల్ స్పీడు దాదాపుగా టార్క్ వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. 350 అడుగు-పౌండ్ల టార్క్ ఉన్న ఇంజిన్‌తో 2,400 దగ్గర నిలిచే కన్వర్టర్‌ను 500 అడుగు-పౌండ్ల బిగ్ బ్లాక్ ఇంజిన్ వెనక బిగిస్తే సుమారు 2,850 దాకా పోతుంది. స్నేహితుడి కారులో బాగున్న కన్వర్టర్ మీ కారులో బాగుంటుందన్న హామీ అందుకే లేదు.

మరి ఎంపిక ఎలా? మొదట చూడాల్సింది క్యామ్‌ను. పెద్ద క్యామ్ వేసిన ఇంజిన్ కింది ఆర్‌పీఎంలో నీరసంగా ఉండి, పైకి వెళ్లాక జోరందుకుంటుంది. ఏ ఆర్‌పీఎం నుంచి అది బలం చూపుతుందో తయారీదారు కార్డు మీద రాస్తాడు. స్టాల్ స్పీడు ఆ అంకెకు కొన్ని వందలు పైన ఉంటే, కారు కదిలేసరికే ఇంజిన్ మేల్కొని ఉంటుంది. అయితే గరిష్ఠ టార్క్ వచ్చే ఆర్‌పీఎంను మాత్రం దాటకూడదు.

రెండోది వెనక ఇరుసు గేర్ నిష్పత్తి. 26 అంగుళాల టైర్లతో, 2.73 గేరుతో, గంటకు 105 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ సుమారు 2,300 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 3.73 గేరుతో అదే వేగానికి 3,100 దాటుతుంది. మొదటి కారుకు 3,000 స్టాల్ కన్వర్టర్ పెడితే హైవే మీద అది ఎక్కువగా జారుతూనే ఉంటుంది. ఆ జారుడు వేడిగా మారుతుంది. గేర్‌బాక్స్ నూనె 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే క్షేమం. 120 దాటితే నూనె త్వరగా మాడి, క్లచ్ ప్లేట్లు కాలడం మొదలవుతుంది. అందుకే స్టాల్ పెంచేవారు విడిగా ఆయిల్ కూలర్ కూడా వేయించుకోవాలి. పొడుగు గేరు (2.73 లాంటిది) కారుకు తక్కువ స్టాల్, పొట్టి గేరు (3.73 లాంటిది) కారుకు కాస్త ఎక్కువ స్టాల్ అన్నది గుర్తుంచుకుంటే చాలు.

మన షెవెల్‌నే తీసుకుందాం. 1,800 నుంచి పని చేసే క్యామ్, 3.08 గేరు, వారాంతపు షికార్లు. దీనికి 2,200 నుంచి 2,400 స్టాల్ చక్కగా కుదురుతుంది. బండి ‘డి’లో ఆగకుండా నిలుస్తుంది, పికప్ తెలుస్తుంది, హైవే మీదా ఇబ్బంది పెట్టదు. అదే కారుకు 2,500 పైనుంచి మేల్కొనే క్యామ్, 3.73 గేరు ఉంటే 2,800-3,000 అడగవచ్చు. అంతకు మించితే అది డ్రాగ్ రేస్ ట్రాక్ బండి. ట్రాఫిక్‌లో ప్రతి కదలికకూ ఇంజిన్‌ను అరిపించాల్సి వస్తుంది.

కొనే ముందు ఇప్పుడున్న స్టాల్ ఎంతో తెలుసుకోవాలని చాలామంది బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ నొక్కుతారు. ఇంజిన్ బలమైనదైతే వెనక చక్రాలను బ్రేకులు పట్టలేవు, లెక్క తప్పుతుంది. పైగా ఆ కొన్ని సెకన్లలో ఇంజిన్ శక్తంతా నూనెలో వేడిగా చేరుతుంది. కారు ఆగి ఉండగా ఖాళీ స్థలంలో ఒక్కసారిగా పూర్తిగా తొక్కి, ముల్లు మొదట ఎక్కడికి ఎగిరి నిలిచిందో చూడటమే మేలు.

పికప్‌కు ఎక్కువ స్టాల్, హైవేకు తక్కువ స్టాల్ కావాల్సి రావడమనే ఇబ్బంది తయారీదార్లకూ తెలుసు. 1965 నుంచి 1967 వరకు జనరల్ మోటార్స్ తన టర్బో 400 గేర్‌బాక్స్‌ను బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, క్యాడిలాక్ కార్లలో రెండు కోణాలకు మారే స్టేటర్‌తో ఇచ్చింది. పూర్తిగా తొక్కితే ఎక్కువ స్టాల్, మామూలు ప్రయాణంలో తక్కువ స్టాల్. తర్వాత 1982లో వచ్చిన 700ఆర్4 లాంటి గేర్‌బాక్సుల్లో లాకప్ క్లచ్ అమరింది. హైవే మీద అది కన్వర్టర్‌ను గట్టిగా పట్టేసి జారుడును ఆపేస్తుంది. అలాంటి గేర్‌బాక్స్ ఉన్నవారికి స్టాల్ ఎంపికలో కాస్త వెసులుబాటు ఉంటుంది.

చివరిగా ఒక మాట. కన్వర్టర్ తయారుచేసేవారికి ఫోన్ చేసేటప్పుడు గొప్పలకు పోకుండా నిజం చెప్పండి. కారు అసలు బరువు, ఇంజిన్ టార్క్, క్యామ్ కార్డులోని అంకెలు, వెనక గేరు, టైరు ఎత్తు, నెలకు ఎన్నిసార్లు హైవే ఎక్కుతారో చెప్పండి. రేసు ట్రాక్‌కు ఏడాదికొక్కసారే వెళ్తారనుకుంటే ఆ మాటా చెప్పండి. రెండు అంకెల మధ్య సందేహం వస్తే చిన్నదాన్నే తీసుకోండి. రోజూ నడిపే బండికి అదే మంచిది.