మన ప్రయాణం లెక్కకు రావాలి

పొద్దున తొమ్మిది గంటలు. జనగామ బస్టాండు. పల్లెవెలుగు బస్సు వచ్చి ఆగింది. దిగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఒకామె చంకలో పసిబిడ్డ. ఒకామె చేతిలో దవాఖాన చిట్టీ. ఒకామె నెత్తిన కూరగాయల గంప. ఇద్దరు ఆడపిల్లల భుజాన కాలేజీ సంచులు.

టీ కొట్టు దగ్గర ఒకాయన అన్నాడు: "బస్సు ఫ్రీ అయినకాన్నుంచి ఆడోళ్లు ఊరికె తిరుగుతున్నరు."

ఇలాంటి మాట మానుకోటలో వినిపిస్తుంది. భూపాలపల్లిలోనూ వినిపిస్తుంది. ఇది నిజమేనా? ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారా? జవాబు కావాలంటే ఒక లెక్క చూడాలి. ఎవరు ఎక్కడికి పోతున్నారు? ఎందుకు పోతున్నారు? ఎట్లా పోతున్నారు?

ఇద్దరి ప్రయాణం

మానుకోట, అంటే మహబూబాబాద్, దగ్గరి ఊరిలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటాయన మానుకోటలో పని చేస్తాడు. పొద్దున బండి మీద పోతాడు. సాయంత్రం బండి మీద వస్తాడు. పోవుడు ఒకటి. వచ్చుడు ఒకటి. మొత్తం రెండు.

ఆ రోజే ఇంటామెకు కూడా మానుకోటలో పని పడింది. ఆమె ఎట్లా పోయిందో చూడండి.

1. ఇంటి నుంచి స్టేజీ దాకా నడిచింది.
2. స్టేజీ నుంచి బస్సులో మానుకోట చేరింది.
3. బస్టాండు నుంచి దవాఖానకు పోయింది. అత్తకు బీపీ గోలీలు తీసుకుంది.
4. దవాఖాన నుంచి బ్యాంకుకు పోయింది. సంఘం కిస్తీ కట్టింది.
5. బ్యాంకు నుంచి హాస్టలుకు పోయింది. జ్వరం వచ్చిన బిడ్డను చూసింది.
6. హాస్టలు నుంచి మార్కెట్టుకు పోయింది. ఉల్లిగడ్డ, పప్పు కొన్నది.
7. మార్కెట్టు నుంచి బస్టాండుకు వచ్చింది.
8. బస్సెక్కి స్టేజీ దగ్గర దిగింది.
9. స్టేజీ నుంచి సంచులు మోసుకుంటూ ఇంటికి నడిచింది.

ఆయనవి రెండు. ఆమెవి తొమ్మిది. ఈ తొమ్మిదింటిలో ఊరికే తిరిగింది ఏది?

ప్రయాణాల మీద పరిశోధన చేసేవాళ్లు ఇలాంటి దాన్ని గొలుసు ప్రయాణం అంటారు. గొలుసులో కొక్కేనికి కొక్కెం తగిలించినట్టు, ఒక పనికి ఇంకో పని తగిలి ఉంటుంది. మగవాళ్ల ప్రయాణం ఎక్కువగా తాడు లాగా తిన్నగా ఉంటుంది. ఆడవాళ్లది గొలుసు లాగా ఉంటుంది.

లోకమంతా ఇదే కథ

ఇది మన దగ్గరి ముచ్చట మాత్రమే కాదు. యూరపులో ఆస్ట్రియా అనే దేశం ఉంది. దాని రాజధాని వియన్నా. 1999లో అక్కడి అధికారులు జనాన్ని అడిగారు: "మీరు బస్సులు, రైళ్లు ఎందుకు ఎక్కుతారు?" చాలామంది మగవాళ్లు ఐదు నిమిషాల్లో జవాబు రాసి ఇచ్చేశారు. పొద్దున పనికి, సాయంత్రం ఇంటికి, అంతే. ఆడవాళ్లు మాత్రం రాస్తూనే ఉన్నారు. పిల్లల బడి, డాక్టరు, సరుకులు, ముసలి తల్లి. రాసేకొద్దీ ఒడవలేదు.

స్పెయిన్ దేశంలో ఇనేస్ సాంచెస్ దె మదరియాగ అనే పరిశోధకురాలు ఉన్నారు. పాత సర్వేల్లో ఆమెకు ఒక లోపం కనబడింది. ఉద్యోగానికి పోతే దాన్ని ఒకే పేరు కింద రాశారు. పిల్లల్ని బడికి తీసుకుపోతే ఒక పేరు కింద రాశారు. సరుకులకు పోతే మరో పేరు. రోగిని చూడబోతే ఇంకో పేరు. అన్నీ చెదిరిపోయి చిన్నచిన్న ముక్కలుగా కనబడ్డాయి. ఆ ముక్కలను ఆమె ఒకచోట చేర్చారు. ఇంటివాళ్లను చూసుకోవడానికి చేసే ప్రయాణాలు ఇవి అని చెప్పారు. చేర్చి చూస్తే అది చిన్న లెక్క కాదు. ఉద్యోగ ప్రయాణాలకు ఇంచుమించు సాటిగా నిలిచింది.

మన దేశంలో 2011 జనగణన జరిగినప్పుడు ఒక ప్రశ్న అడిగారు. "పనికి ఎంత దూరం పోతారు? ఎట్లా పోతారు? నడిచా, సైకిలు మీదా, బస్సులోనా?" మంచి ప్రశ్నే. కానీ ఆ పట్టికలో వ్యవసాయం చేసేవాళ్లు లేరు. కైకిలికి పోయే కూలీలు లేరు. ఇంటి పట్టున చేతివృత్తి చేసేవాళ్లూ లేరు. మిర్చి ఏరడానికి, పత్తి తీయడానికి పోయే అక్కల దారి అందులో కనబడదు. దవాఖాన దారి, బడి దారి కూడా కనబడవు.

లెక్కలో లేకపోతే ఏమవుతుంది?

ఏ దారిలో ఎంతమంది ఎక్కుతున్నారో చూసి బస్సు వేస్తారు. జనం లేరంటే బస్సు తీసేస్తారు. బస్సు లేదని ఆడవాళ్లు ప్రయాణం మానుకుంటారు. అప్పుడు "చూశారా, అక్కడ జనమే లేరు" అంటారు. గానుగెద్దు లాగా మాట అక్కడక్కడే తిరుగుతుంది.

నిజానికి అవసరం లేక కాదు, ఆడవాళ్లు ఆగిపోయింది. చేతిలో పైసలు లేక, బస్సు లేక ఆగిపోయారు. గర్భిణి దవాఖానకు పోవడం వాయిదా వేసింది. ఇంటర్ చదవాల్సిన పిల్ల పదితో ఆగింది. ఇలా అణగి ఉన్న అవసరం ఏ లెక్కలోనూ పడలేదు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఉచిత బస్సు మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల ఎక్కడికైనా పోవచ్చు. ఆడవాళ్లకు, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు ఈ హక్కు ఉంది. అంతకుముందు బస్సుల్లో మగవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ఆడవాళ్లే ఎక్కువయ్యారు. 2025 జూలై నాటికి జీరో టికెట్లు 200 కోట్లు దాటాయి. అంటే రోజుకు 30 లక్షలకు పైనే. అణగి ఉన్న అవసరం ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మనకంటే ముందు, 2021లో, తమిళనాడు మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం చేసింది. అక్కడి ప్రణాళికా సంఘం సర్వే చేసింది. ఒక్కొక్కరికి నెలకు సగటున 800 రూపాయలకు పైగా మిగిలినట్టు తేలింది.

జీరో టికెట్ ఎందుకు తీసుకోవాలి?

కొందరు అక్కలు అంటారు: "పైసలే లేవాయె. టికెట్ ఎందుకు?"

అది ఉత్త కాగితం కాదు. మనం ఎక్కింది ఎక్కడ, దిగేది ఎక్కడ అన్నది దాని మీద ఉంటుంది. ఆ టికెట్ల లెక్క చూసే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు ఇస్తుంది. టికెట్ తీసుకోకపోతే ఆర్టీసీకి నష్టం. మన దారికి లెక్క లేకపోవడం మనకు నష్టం. అందుకే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి టికెట్ అడిగి తీసుకోవాలి. దిగేదాకా దాచుకోవాలి.

ఉచితమైతే చాలా?

చాలదు. టికెట్ ఉచితమే. కానీ బస్సు రావాలి కదా!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరు ఆఫీసు దగ్గరికొచ్చింది. మూడు చోట్లా ఆర్టీసీ డిపో ఉంది. కానీ మూడు చోట్లా దారులు ఒక తీరుగా లేవు.

జనగామ మీదుగా హైదరాబాద్ - వరంగల్ పెద్ద రోడ్డు పోతుంది. రైలు కూడా ఉంది. పెద్ద రోడ్డుకు దూరంగా లోపలున్న ఊళ్ల సంగతి వేరు. మహబూబాబాద్‌కు కూడా రైలుంది. కానీ రైలులో జీరో టికెట్ చెల్లదు. ఆ జిల్లాలో తండాలు ఎక్కువ. కొత్తగూడ, గంగారం వంటి అడవి మండలాలున్నాయి. భూపాలపల్లిలో బొగ్గు బాయిలున్నాయి. రైలు మాత్రం లేదు. పలిమెల వంటి దూరపు మండలాల వాళ్లకు రోడ్డే దిక్కు.

ఊరి నుంచి స్టేజీ దాకా పోవడానికి, బస్టాండు నుంచి దవాఖాన దాకా పోవడానికి ఆటో కావాలి. ఆటోకు జీరో టికెట్ లేదు. ఆడవాళ్ల చేతి డబ్బు ఇప్పుడు ఎక్కువగా ఈ రెండు కొసల దగ్గరే కరుగుతుంది.

ఇంకొకటి, ఎదురుచూపు. బస్సులో కూర్చున్న సమయం కంటే స్టేజీలో నిలబడ్డ సమయం మనిషికి దాదాపు రెట్టింపు బరువుగా తోస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. నీడ లేని స్టేజీ అయితే, చీకటి పడితే, చంకలో బిడ్డ ఉంటే ఆ బరువు ఎంతో అక్కలకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మధ్యాహ్నం బస్సు తప్పితే ఒక పూట కూలి పోయినట్టే.

మనమే రాద్దాం మన లెక్క

వియన్నా ఆడవాళ్లు రాశారు. అధికారులు చదివారు. ఇప్పుడు మనకూ రాయడం వచ్చు. సంఘంలో పదిమంది ఒక వారం పాటు రాయండి. ఎక్కడికి పోయాం? ఎందుకు పోయాం? ఎంత నడిచాం? బస్సు కోసం ఎంతసేపు చూశాం? ఆటోకు ఎంత ఇచ్చాం? బస్సు లేక ఏ పని ఆగింది? ఆగిన పనిని తప్పకుండా రాయండి. టికెట్‌లో కనబడనిది అదే.

తర్వాత గ్రామసభలో చదవండి. డిపోకు అర్జీ పెట్టండి. అర్జీ ఇలా రాయవచ్చు:

డిపో మేనేజరు గారికి,
మాది .......... గ్రామం. మా ఊరికి పొద్దున బస్సు ...... గంటలకు వస్తుంది. అప్పటికి దవాఖానలో చిట్టీలు ఇవ్వడం అయిపోతుంది. వారం రోజుల్లో మా సంఘంలో ...... మంది దవాఖానకు, ...... మంది కాలేజీకి పోవాల్సి వచ్చింది. బస్సు అందక ...... మంది పోలేదు. ఆ లెక్క దీనితో జత చేశాం. బస్సును ...... గంటలకు మార్చమని కోరుతున్నాం.
ఇట్లు,
.......... మహిళా సంఘం సభ్యులు

కింద అందరూ సంతకాలు పెట్టండి. అర్జీ నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి. ఇచ్చిన తేదీ దాని మీద రాసుకోండి.

ఇకమీదట ఎవరైనా "ఊరికె తిరుగుతున్నరు" అంటే కోపం వద్దు. రాసిన కాగితం చూపించండి. "ఇగో, ఇండ్ల ఊరికె తిరిగింది ఏదో చెప్పు అన్నా" అని అడగండి.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. నిన్న మీరు ఎన్నిచోట్లకు పోయారు? మీ ఇంట్లో మగవాళ్లు ఎన్నిచోట్లకు పోయారు?
2. మీ ఊరి స్టేజీలో నీడ ఉందా? దీపం ఉందా?
3. బస్సు లేక మీ ఊరిలో ఆగిపోయిన పని ఏది?
4. మీ ఊరికి బస్సు ఏ వేళకు వస్తే అందరికీ మేలు?