కొండపల్లి బొమ్మకు తగిన పెట్టె ఏది?

చెక్కిన చేతికి తెలిసిన మెళకువ సర్దే చేతికీ తెలియాలి

కొండపల్లి: రోజుల తరబడి కూర్చుని చెక్కి, అతికి, ఆరబెట్టి, రంగులు దిద్దిన అంబారీ ఏనుగు తీరా ప్రదర్శనకు చేరేసరికి తొండం లేకుండా బయటపడితే ఆ నష్టం ఎవరు భరించాలి? కొనేవారు విరిగిన బొమ్మను ముట్టరు. మోసుకొచ్చిన బస్సువారికి దానితో సంబంధం లేదు. చివరకు చేసినవారి నెత్తిమీదనే ఆ భారం పడుతుంది. బొమ్మ చేయడానికి ఎంత నేర్పు కావాలో దానిని పదిలంగా ఊరు దాటించడానికీ అంత నేర్పు కావాలి. కిరాణా కొట్టులో దొరికిన అట్టపెట్టెలో పాత కాగితాలు కుక్కి, పైన పురికొస బిగించినంత మాత్రాన ఆ పని పూర్తయినట్లు కాదు.

విజయవాడ – కాజీపేట రైలు మార్గంలో ఉన్న కొండపల్లి 2022 ఏప్రిల్‌లో పాత కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. లేపాక్షి దుకాణాలకు, నగరాలలోని ప్రదర్శనలకు, అమెరికాలో కాపురముంటున్న ఆడపిల్లల ఇళ్లకు ఈ బొమ్మలు ప్రయాణమవుతున్నాయి. ప్రయాణం దూరమైనకొద్దీ పెట్టె సంగతి ముందుకు వస్తున్నది.

బొమ్మ ఎక్కడ విరుగుతుంది?

పెట్టె ఎంచుకోవాలంటే ముందుగా బొమ్మ ఎక్కడ విరుగుతుందో తెలియాలి. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చేస్తారు. అది చాలా తేలికైన, మెత్తని కర్ర. మొదట కర్రలోని తడిని సన్నని సెగపై పోగొడతారు. మొండెం, చేతులు, తొండం వంటి భాగాలను విడివిడిగా చెక్కుతారు. చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతుకుతారు. ఆపైన సుద్ద పూసి, ఆరిన తరువాత సన్నని కుంచెలతో రంగులు వేస్తారు.

ఈ పద్ధతిలోనే బొమ్మకున్న అందమూ ఉన్నది, బలహీనతా ఉన్నది. మొండెం గట్టిగానే ఉంటుంది. బయటకు పొడుచుకు వచ్చిన భాగాలు, వాటి అతుకులు మాత్రం దెబ్బకు ఆగవు. ఏనుగు తొండం, దంతాలు, అంబారీ గొడుగు, పరశురాముని గొడ్డలి, శ్రీరాముని విల్లు, తాటిచెట్టు మట్టలు, ఎడ్లబండి కాడి ముందుగా పోయేవి ఇవే. ఆ తరువాత పోయేది రంగు. ఒక బొమ్మ పక్క బొమ్మకు రాసుకుంటే రంగుతోపాటు కింది సుద్ద కూడా పొరగా లేచిపోతుంది.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మల సంగతి వేరు. అవి అంకుడు కర్రతో తరిమెన పట్టి చేసినవి. గుండ్రంగా, నున్నగా ఉండి లక్క రంగు పట్టి ఉంటాయి. పొడుచుకు వచ్చిన భాగాలు తక్కువ కనుక వాటికి గుడ్డ చుట్టి సంచిలో వేసుకున్నా చాలావరకు తట్టుకుంటాయి. అదే పద్ధతి కొండపల్లి బొమ్మకు పనికిరాదు.

తేలికే చిక్కు

బరువున్న పెట్టెను కూలీలు జాగ్రత్తగానే దించుతారు. కాలిమీద పడితే తమకే దెబ్బ. తేలికైన పెట్టెనైతే ఒంటిచేత్తో ఎత్తి బస్సు పైకి విసురుతారు. దానిమీదనే బియ్యం మూటో, ఇనుప సామానో పెడతారు. తెల్లపొణికి బొమ్మల పెట్టె నిండుగా సర్దినా బరువు తూగదు. కనుక దానికి రెండు గండాలు: ఒకటి విసురు, రెండవది పైబరువు. “జాగ్రత్త, పగులును” అని పెట్టెమీద రాసినంత మాత్రాన ఆగేవి కావు ఇవి. పెట్టె పైకప్పు బరువును మోయాలి. లోపలి బొమ్మ విసురుకు కదలకూడదు. తగిన పెట్టె అనిపించుకోవాలంటే ఈ రెండు గుణాలూ తప్పనిసరి.

ఏ పెట్టెకు ఏ గుణం?

అందరికీ అందుబాటులో ఉన్నది అట్టపెట్టె. అయితే అట్టపెట్టెలన్నీ ఒకటి కావు. మూడు పొరల అట్ట పైబరువుకు నలిగిపోతుంది. ఐదు పొరల అట్ట అంతకంటె చాలా గట్టిది. నాలుగు మూలలా లోపల అట్టనే మడిచి స్తంభాలవలె నిలిపితే పైబరువు ఆ మూలలమీదుగా కిందికి దిగుతుంది. పార్సెల్‌లో ఒక్కసారి పంపే సరుకుకు ఇది చాలు. తడిస్తే మాత్రం దీని బలం ఉండదు.

ట్రంకు పెట్టెకు పైబరువు భయం లేదు, వాన భయమూ తక్కువే. కాని రేకు గోడకు తగిలితే బొమ్మకే దెబ్బ. ఎండలో ఉంచితే లోపల ఆవిరి పుట్టినట్లు వేడెక్కుతుంది. లోపల నాలుగు వైపులా, అడుగున స్పాంజి గాని, దళసరి దుప్పటి ముక్కలు గాని అతికిస్తే ఇంట్లో బొమ్మల కొలువు సామాను దాచుకోవడానికి ఇది అనువైనది.

వెదురు గంప విసురుకు వంగుతుంది గాని విరగదు. గాలి ఆడుతుంది. కాని మూత గట్టిగా ఉండదు, పైన బరువు పడితే అణిగిపోతుంది. దగ్గర ఊరి సంతకు ఒడిలో పెట్టుకుని తీసుకుపోయేందుకు మాత్రమే అది తగినది.

ఏడాదికి నాలుగైదు ప్రదర్శనలకు తిరిగేవారికి ప్లైవుడ్ పెట్టె మేలు. ఖర్చు ఎక్కువైనా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. చెక్క పనిముట్లు ఇంట్లోనే ఉన్న కళాకారునికి దానిని తయారు చేసుకోవడం కష్టమూ కాదు. పెట్టెకు రెండు వైపులా పట్టుకునే పిడులు తప్పక ఉండాలి. పిడి ఉన్న పెట్టెను నిలువుగా ఎత్తుతారు. పిడి లేనిదానిని దొర్లిస్తారు.

పెట్టె మరీ పెద్దదిగా ఉండరాదు. ఒక మనిషి రెండు చేతులతో ఎత్తి, ముందు దారి చూస్తూ నడవగలిగినంతే ఉండాలి. అంతకు మించితే ఈడ్చడం మొదలవుతుంది. ఒక పెద్ద పెట్టెకంటె రెండు చిన్న పెట్టెలు మేలు.

పాదాన్ని పట్టాలి, చేతిని వదలాలి

సర్దడంలో జరిగే పెద్ద పొరపాటు బొమ్మ చుట్టూ కాగితం బిగించి చుట్టడం. చూడడానికి అది జాగ్రత్తగా కనిపిస్తుంది. నిజానికి ఆ కాగితం తొండాన్ని, చేతిని ఒంటివైపుకు నొక్కుతూ ఉంటుంది. దారిలో కుదుపు వచ్చినప్పుడల్లా ఆ ఒత్తిడి అతుకుమీద పడుతుంది. ఏ భాగం విరుగుతుందో ఆ భాగాన్ని ఏదీ తాకకూడదు. ఏ భాగం గట్టిదో దానినే పట్టుకోవాలి. అంటే పీటను, పాదాలను, మొండాన్ని బిగించి, చేతులను, తొండాలను గాలిలో వదలాలి.

ఇందుకు పెట్టెను అట్టముక్కలతో అరలుగా విడగొట్టాలి. ఒక అరలో ఒకే బొమ్మ. అడుగున అంగుళం మందం స్పాంజి పరచి, బొమ్మ పీట ఆకారంలో గుంట కోసి అందులో కూర్చోబెట్టాలి. పీటకు అడ్డంగా నూలు నాడా వేసి అడుగుకు కట్టాలి. పీట లేని ఏనుగుకైతే పొట్ట కింద మెత్తని గుడ్డ దిండు పెట్టి, మొండెం మీదుగా వెడల్పాటి నాడా వదులు లేకుండా వేస్తే సరిపోతుంది. అంబారీ విడిగా వచ్చేదైతే దానికి వేరే అర కేటాయించడం మంచిది.

కొలత చూడడం కష్టం కాదు. ఉదాహరణకు దశావతారాల బొమ్మలు ఒక్కొక్కటి ఆరు అంగుళాల ఎత్తు, చేతులతో కలిపి రెండున్నర అంగుళాల వెడల్పు ఉన్నాయనుకుందాం. చుట్టూ ముప్పావు అంగుళం ఖాళీ ఉంచితే ఒక్కొక్క అర నాలుగు అంగుళాల చదరం అవుతుంది. వరుసకు ఐదు చొప్పున రెండు వరుసలు పెడితే 20 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు కావాలి. గోడల వెంట అంగుళం మందం మెత్త వేస్తే 22కు 10 అవుతుంది. అడుగు స్పాంజి అంగుళం, తలపైన రెండు అంగుళాలు కలిపితే ఎత్తు 9 అంగుళాలు. లోపలి కొలత 22, 10, 9 ఉన్న పెట్టె పది అవతారాలకూ సరిపోతుంది. ఆ కొలత పట్టుకుని పెట్టె వెదకాలి. పెట్టె ముందు తెచ్చుకుని బొమ్మలను అందులో ఇరికించడం తలకిందుల పని.

పరదేశపు బొమ్మ సైనికులు

ఈ చిక్కు కొండపల్లివారికే పరిమితం కాదు. బ్రిటన్, అమెరికా వంటి దేశాలలో చిన్న సైనికుల బొమ్మలను బల్లపై నిలిపి, కొలబద్దతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధాలాడే వినోదం ఉన్నది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లోనే ఇటువంటి ఆటకు నియమాలతో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం ప్రచురించాడు. 1983లో బ్రిటన్‌లో వెలువడిన ‘వార్‌హామర్’ అనే ఆట తరువాత ఎన్నో దేశాలకు పాకింది. ఈ సైనికులు సాధారణంగా 28 మిల్లీమీటర్ల ప్రమాణంలో, అంటే అంగుళానికి కాస్త పైగా ఉంటారు. ఆడేవారు ముక్కలను తామే అతికి, తామే రంగులు వేసుకుంటారు. ఈటెలు విరగకుండా, రంగు రాలకుండా ఇంటినుంచి ఆట స్థలానికి చేర్చడం వారికీ పెద్ద సమస్యే.

వారిలో రెండు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. స్పాంజి పలకలో ఆకారానికి తగ్గట్టు గుంటలు కోసి బొమ్మను పడుకోబెట్టడం మొదటిది. ఎక్కువ బొమ్మలు పడతాయి గాని, తీసి పెట్టేటప్పుడు ఈటెలు స్పాంజికి తట్టుకుంటాయి, రంగు రాసుకుంటుంది. పాదపీఠం కింద చిన్న అయస్కాంతం అతికించి, ఇనుప రేకు పరచిన పెట్టెలో నిలబెట్టడం రెండవది. ఇందులో బొమ్మను పాదం తప్ప మరేదీ తాకదు. అయితే బరువైన లోహపు బొమ్మలు గట్టి కుదుపుకు పట్టు వదిలి పడిపోవడం కద్దు. పాదాన్ని పట్టి చేతిని వదలాలన్న సూత్రం అక్కడివారికీ అనుభవం మీదనే తెలిసివచ్చింది. కొండపల్లి బొమ్మ వాటికంటె పొడవైనది కనుక అయస్కాంతం కంటె నూలు నాడాయే దీనికి నమ్మకమైన పట్టు.

రంగు ఆరాలి, తడి తగలరాదు

పైకి ఆరినట్లు కనిపించిన ఎనామిల్ రంగు లోపల గట్టిపడడానికి ఇంకా రోజులు పడుతుంది. గిరాకీ తొందరలో ఆ రంగుపై ప్లాస్టిక్ చుడితే అది అంటుకుపోతుంది. గాలిబుడగల ప్లాస్టిక్ అయితే బుడగల అచ్చులు బొమ్మ ముఖంపై పడతాయి. అచ్చు కాగితం సిరా లేత రంగులకు అంటుతుంది. బొమ్మను తాకేది ఏదైనా ఉతికిన మెత్తని నూలు గుడ్డ గాని, తెల్లని పలుచని కాగితం గాని అయి ఉండాలి.

చింతగింజల బంకకు నీరు శత్రువు. తడి తగిలితే ఉబ్బి అతుకు సడలుతుంది. వానకాలంలో పెట్టెకు వెలుపల ప్లాస్టిక్ పట్టా కప్పాలి. లోపల బొమ్మకు మాత్రం ప్లాస్టిక్ చుట్టరాదు. చుడితే లోపలి చెమ్మ బయటకు పోదు.

కొలువు బొమ్మలను ఏడాది పొడవునా దాచుకునే ఇళ్లలో పురుగు భయంతో కలరా ఉండలు వేయడం అలవాటు. వాటి ఆవిరికి థర్మోకోల్ మెత్తబడి అంటుకుంటుంది, రంగు కూడా చెడవచ్చు. బాగా ఎండిన వేపాకును గుడ్డలో మూటకట్టి మూలన ఉంచడం, ఏడాదికి రెండుసార్లు బొమ్మలను తీసి నీడలో గాలికి ఆరబెట్టడం మేలు.

పెట్టెకు పరీక్ష

బయలుదేరే ముందు పెట్టెకు పరీక్ష పెట్టాలి. మూత మూసి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాలి. లోపల ఏమాత్రం చప్పుడు వినిపించినా సర్దుబాటు సరిగా లేనట్లే. కొత్త పెట్టె అయితే అమ్ముడుపోని పాత బొమ్మను అందులో కట్టి, మోకాలి ఎత్తునుంచి ఒకసారి కింద వదలాలి. ఆ తరువాత మూతపై ఒక మనిషిని కూర్చోబెట్టాలి. ఈ రెండింటికీ ఆగిన పెట్టెనే నమ్మాలి. వెంట చిన్న డబ్బాలో మక్కు, నాలుగు రంగులు, ఒక సన్నని కుంచె ఉంచుకోవడం కూడా అవసరమే. అయితే ప్రదర్శనలో కూర్చుని అతికిన అతుకు కొనేవారి కంటికి దొరకకపోదు.

పెట్టెకు పెట్టే ఖర్చు వృథా అనిపించవచ్చు. ఒక్క అంబారీ ఏనుగు విరిగితే పోయేది కర్ర ధర ఒక్కటే అయితే దిగులుపడవలసిన పని లేదు. మగవారు చెక్కిన రోజులు, ఆడవారు రంగులు దిద్దిన రోజులు, వెళ్లిన దారి ఖర్చు అన్నీ దానితో పోతాయి. పొణికి కర్ర మునుపటంత సులభంగా దొరకని ఈ రోజులలో ఆ నష్టం రెట్టింపు. కనుక పెట్టె ధరను బొమ్మ ధరలోనే కలిపి లెక్క కట్టుకోవాలి. బొమ్మల తయారీలో శిక్షణ ఇచ్చేచోట చెక్కడం, రంగులు వేయడంతోపాటు సర్దడం కూడా ఒక పాఠంగా చేర్చితే కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలకు ఎంతో ఉపకారం జరుగుతుంది.

కొనేవారు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. దుకాణంలో బొమ్మ నచ్చగానే ధర అడుగుతారు. దానితోపాటు పెట్టె ఉన్నదా అని కూడా అడగాలి. పదిమంది అడిగితే పదకొండవ బొమ్మ పెట్టెతోనే వస్తుంది. అప్పుడు కొండపల్లి ఏనుగు ఎంత దూరం వెళ్లినా ఎత్తిన తొండం దించకుండానే చేరుతుంది.