స్లాబు పోసే ముందు ఎవరు చూడాలి?

పాశమైలారంలోని కిర్బీ ఫ్యాక్టరీలో తయారయ్యే షెడ్ల ఇనుప స్తంభాలను నిదానంగా చూడండి. చాలావాటికి అడుగు సన్నగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ, దూలాన్ని కలిసే మూలలో అన్నిటికంటే లావెక్కుతాయి. అది సోకు కోసం కాదు. గాలి, కప్పు బరువు కలిసి స్తంభాన్ని గట్టిగా వంచేది ఆ మూలనే. అందుకే ఇనుము అక్కడ ఎక్కువ, మిగతా చోట తక్కువ. ఏ ప్లేటు ఎంత మందమో లెక్క తేలాకే కోత, వెల్డింగ్. సైటులో బోల్టులు బిగించడమే మిగులుతుంది. సదాశివపేటలో పెన్నార్ వాళ్ల పనీ ఇదే.

ఇదే పటాన్‌చెరు బెల్టులో ఉంది పటేల్‌గూడ. ప్లాట్లలో జీ ప్లస్ టూలు లేస్తున్న ఊరు. ఇలాంటి చోట పిల్లరు సైజు అడిగితే తరచూ వినిపించే జవాబు: "తొమ్మిది బై పన్నెండు. అందరికీ అదే." యంత్రాల మీద వేసే కప్పుకు దొరికిన లెక్క, పిల్లలు పడుకునే ఇంటికి దొరకడం లేదు. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ వృత్తి గురించి నన్ను కలవరపెట్టేది ఇదే.

మేస్త్రీని తక్కువ చేయను. 1213 నాటి రామప్ప గుడిని ఇసుక నింపిన పునాది మీద నిలిపింది ఆ చేతి అనుభవమే. అయితే రాతికట్టడంలో తప్పు పైకి కనిపిస్తుంది. ఆర్‌సీసీలో చువ్వ కాంక్రీటులో దాగిపోతుంది. కాంక్రీటు కొత్తగా వ్యాపిస్తున్న రోజుల్లో, 1908లో లండన్‌లో కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. 1922లో అదే స్ట్రక్చరల్ ఇంజనీర్ల సంస్థగా మారింది. మన దగ్గర లెక్క, చెయ్యి కలిసిన గొప్ప ఉదాహరణ నాగార్జునసాగర్. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ డ్యాముకు డాక్టర్ కె.ఎల్.రావు రాతికట్టడాన్నే ఎంచుకున్నారు. కాగితం మీద ఇంజనీర్లు తేల్చిన 124 మీటర్ల ఎత్తును రాయి మీద రాయి పేర్చి నిలబెట్టింది కూలీలు, మేస్త్రీలు. ఆ జత ఇళ్ల దాకా రాలేదు.

రాకపోతే ఏమవుతుందో చూశాం. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిక్‌నగర్‌లో పక్క స్థలంలో గుంత తవ్వుతుండగా ఒక భవనం ఒరిగింది. 2025 మార్చిలో భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి ప్రాణాలు పోయాయి. ఇక అర్హత ఎవరిదో తేల్చే చట్టం మాట: ఆర్కిటెక్టు అన్న హోదాకు 1972 నుంచి కేంద్ర చట్టం ఉంది. ఇంజనీర్ల నమోదుకు దేశమంతటా వర్తించే అలాంటి చట్టం ఇప్పటికీ లేదు.

రేపటి సంగతికొస్తే, దూరం పోనక్కర్లేదు. కందిలోని హైదరాబాద్ ఐఐటీ పరిశోధకులు రూపకల్పన చేసిన త్రీడీ ప్రింటెడ్ వంతెన నమూనా 2023లోనే తయారైంది. లెక్కలు కంప్యూటర్‌కు ఎప్పుడో అలవాటయ్యాయి, డ్రాయింగులూ అవుతాయి. అప్పుడు ఇంజనీరుకు మిగిలేది సైటే అని నా నమ్మకం. మట్టి పరీక్ష చేయించారా? పిల్లరు, బీము కలిసే చోట రింగులు దగ్గరగా కట్టారా? వాటి కొసలు పిల్లరు లోపలికి వంగాయా, ఊరికే మడిచి వదిలేశారా? చువ్వల కింద కవర్ బ్లాకులు పెట్టారా? ఒక పూట పని. గ్రానైటుకూ ఫాల్స్ సీలింగుకూ వెనకాడని ఇంటి యజమాని ఆ పూటకు ఫీజు ఇవ్వాలి. కాంక్రీటు లారీ వీధి మలుపు తిరగకముందే ఇంజనీరు సెంట్రింగ్ ఎక్కి చూసి, తేడా ఉంటే పోత ఆపించాలి.